కాస్త ఇబ్బందిగా ఉంది!

"కాస్త ఇబ్బందిగా ఉంది" అంటే ఎంత ఇబ్బంది? చెప్పేవాడు ఎక్కడివాడో తెలిస్తేగానీ లెక్క తేలదు.

1951 ఏప్రిల్ 22 రాత్రి కొరియాలో ఇమ్‌జిన్ నది దగ్గర చైనా సైన్యం విరుచుకుపడింది. అడ్డంగా నిలిచినవాళ్ళలో బ్రిటిష్ 29వ బ్రిగేడ్ ఒకటి. అందులో గ్లోస్టర్‌షైర్ రెజిమెంటు బెటాలియన్‌ని చైనావాళ్ళు నాలుగువైపులా చుట్టేశారు. బ్రిగేడియర్ టామ్ బ్రోడీ తన పైఅధికారి, అమెరికన్ జనరల్ రాబర్ట్ సూల్‌తో పరిస్థితి "కాస్త స్టికీగా ఉంది" అన్నాడని చెబుతారు. బ్రిటిష్ సైనికాధికారి నోట ఆ మాటకి అర్థం "మునిగిపోతున్నాం" అని. అమెరికన్ చెవికి మాత్రం "కష్టమే గానీ నెట్టుకొస్తున్నాం" అని వినిపించింది. ఇద్దరిదీ ఇంగ్లీషే మరి!

25వ తేదీకి కథ ముగిసింది. గ్లోస్టర్లలో దాదాపు 60 మంది చనిపోయారు, 500 పైచిలుకు బందీలయ్యారు.

తప్పంతా ఆ ఒక్క మాటదే అనను. 24న సాయానికి బయల్దేరిన ట్యాంకుల్లో ముందున్నది దెబ్బతిని, ఇరుకుదారి మూసుకుపోయింది. మరో బ్రిటిష్ అధికారికి చెప్పుంటే బ్రోడీ మాట సరిగ్గానే చేరేది. మా భాషలో చెప్పాలంటే ఎన్‌కోడింగ్ ఒకటి, డీకోడింగ్ ఇంకోటి అయింది, అంతే.

మనమూ తక్కువేం కాదు. "చూద్దాంలెండి" అంటే కుదరదని మనవాళ్ళకి ఇట్టే తెలుస్తుంది. ఫోన్‌లో అవతలున్న అమెరికన్ క్లయింటు మాత్రం నిజంగానే చూస్తామనుకుని కూర్చుంటాడు. అందుకే నా మటుకు నేను బయటివాళ్ళతో మర్యాద కాస్త తగ్గినా ఫర్వాలేదనుకుంటాను. ఎన్ని రోజులు ఆలస్యం, ఎంతమంది కావాలి... అంకెల్లో చెప్పేస్తే గొడవుండదు.