మోటుపల్లి యభయశాసనము

సముద్రవర్తకమునకు మంచి యోడయు ననుకూలవాయువును జాలునని తలఁచువారు బాపట్ల జిల్లాలోని మోటుపల్లి వీరభద్రాలయ శాసనము నొకమాఱు చదువవలయును.

పూర్వకాలమున గాలివానకుఁ జిక్కి యొడ్డునఁ బడిన యోడలలోని సర్వస్వమును రాజులు బలాత్కారముగఁ గైకొనుచుండిరి. కడలినుండి ప్రాణములతో బయటఁబడిన వర్తకుఁడు తీరమున మఱల మునిఁగెడివాఁడు! కాకతీయ గణపతిదేవుఁడు శా. శ. 1166 (క్రీ. శ. 1244-45)లో నీ దురాచారమును మాన్పి, కౢప్తశుల్కము దక్క వేఱేమియుఁ గొనమని ద్వీపాంతర వర్తకుల కభయ మొసఁగెను. నేఁడు తెలుఁగున క్లుప్తమనఁగా సంగ్రహము. గీర్వాణమున నిర్ణీతమని యర్థము. ఆ నిర్ణయము ముప్పదింట నొకపాలు. చందనము, చీనికర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, సీసము, పట్టునూలు, మిరియములు, పోకలు మున్నగు సరకులు శాసనమునఁ బేర్కొనఁబడినవి. కీర్తిధర్మములకై యిట్లొనర్చితినని రాజు చెప్పుకొనెను. ఓడలు రాకున్న బొక్కసము నిండదనియు నాతఁ డెఱుఁగును గదా!

కాకతీయరాజ్యము 1323లో నస్తమించినది. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి మోటుపల్లిలో మఱల నభయమీయవలసి వచ్చెను. ఈతఁ డింకొక యడుగు ముందునకు వేసినాఁడు: కాపురముండవచ్చినవారికి భూమి, పోఁదలఁచినప్పుడు పోవుటకు స్వేచ్ఛ, తమ సరకును దలఁచినవారి కమ్ముకొను హక్కు. పుత్రహీనుల సొత్తును రాజు గ్రహించు నపుత్రికమును మాన్పించెను. బంధువులకు దూరమై పరతీరమున వార్ధకము గడపువాని కీ మాట విలువ యెంతటిదో వర్తకకుటుంబములవారికి మేము చెప్పనక్కఱలేదు.

ఆ శాసనము సంస్కృతాంధ్రములతోఁబాటు నఱవమునను గలదు. తీరమునఁ గాపురమున్న ద్రావిడవర్తకులు స్వయముగఁ జదువుకొనుటకే యట్లు చెక్కించిరని మేము తలంతుము.