చీర ఒకటి, చేతులు ఎన్నో

రామగిరి కొండల్లో బంగారం కోసం 20వ శతాబ్దం మొదట్లో కంపెనీలు గనులు తవ్వాయి. గిట్టుబాటు కాక మూసేసి వెళ్లాయి. తర్వాత భారత్ గోల్డ్ మైన్స్ వచ్చింది, అదీ నిలవలేదు. ఆ చుట్టుపక్కలదే అయిన ధర్మవరంలో జరీ పోగు మాత్రం తెగలేదు. ఆ జరీ సూరత్ సరుకే అనుకోండి; నిలిచింది మగ్గం, మగ్గాన్ని నిలిపింది ఇల్లు.

ధర్మవరం చీరల అంచుల్లో, కొంగుల్లో లేపాక్షి గుడి కప్పు మీది బొమ్మల పోలికలున్నాయంటారు. ఆ గుడి 16వ శతాబ్దంలో విరూపణ్ణ కట్టించింది. ఈ పోలికల గురించి రాసినవాళ్లు చాలామందే. చీర వెనకున్న ఇంటి లెక్క రాసినవాళ్లు తక్కువ.

గుంత మగ్గంలో కాళ్లు దించుకుని కూర్చున్న మగమనిషినే లోకం నేతగాడంటుంది. కానీ పడుగు సాగదీసేటప్పుడు ఇద్దరు ముగ్గురు ఉండాలి. కొత్త పడుగును పాత కొసలకు పోగుపోగునా అతకాలి. నాడెలోకి కండెలు చుట్టి అందివ్వాలి. ఈ పనులు కోడలు వంటకీ వంటకీ మధ్య చేసేది. చూపు తగ్గిన అవ్వ అతుకు మానేసినా రాట్నం వదిలేది కాదు. అంచుకు ఒక రంగు, ఒంటికి మరో రంగు పడాలంటే రెండో పక్కన ఇంకొకరు కూర్చోవాలి. చాలా ఇళ్లలో ఆ చోటు పిల్లవాడిది.

మజూరీ మాత్రం చీరకింత. ఆసామి పట్టు, జరీ ఇచ్చి నేయించుకునే కూలి మగ్గంలో అవ్వకు వేరే పద్దు ఉండదు. ఉమ్మడి కుటుంబాన్ని మెచ్చుకునేవాళ్లు ఈ సంగతి ఎత్తరు. 2019-20 చేనేత గణన దేశంలో 35.22 లక్షల మంది కార్మికులను లెక్కించింది. అందులో 25 లక్షలకు పైగా స్త్రీలే.

1985 చట్టం కింద చేనేతకు కేటాయించిన వస్త్రాల్లో చీర ఉన్నా మరమగ్గం ఆగలేదు. అది ధర తగ్గిస్తే, చేతి మగ్గం మీద కూర్చునే కొడుకు మనసు మరలింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో మొదలయ్యాక జీతం అనే మాట మరీ దగ్గరైంది. బడి వేళల తర్వాత పిల్లలు ఇంటి వృత్తిలో సాయపడవచ్చని 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించారు. అది వృత్తికి మేలో, పిల్లలకు కీడో తేలక ముందే చాలామంది తల్లిదండ్రులు తేల్చేసుకున్నారు: బడికే.

కోడలు కూడా బయటి పనికి వెళ్లిన ఇంట్లో కండెలు కూలికి చుట్టించుకోవాలి. ఆ కూలి నేతగాడి మజూరీలోంచే పోవాలి.