భారమైపోయానన్న బాధ

"నా కోసం ఇల్లు గుల్ల చేసుకోకండి" అని క్యాన్సర్ రోగి అంటే తేలిగ్గా తీసుకోకూడదు. ఇంటివాళ్లకు భారమయ్యానన్న ఈ దిగులుతోనే కొందరు నొప్పి దాస్తారు, తర్వాతి కీమోకు రామంటారు. "అలా అనకు" అంటూ మనం నోరు మూయిస్తాం, ప్రేమతోనే అనుకోండి. ఏ ఖర్చు, ఎవరి శ్రమ బాధిస్తోందో నేరుగా అడగడమే మంచిదని మా అభిప్రాయం. ఓపికుంటే ఇంటి పద్దులు రోగి చేతికే ఇవ్వండి.

కొంత బరువు నిజంగానే తగ్గించుకోవచ్చు. షోలాపూర్ నుంచి ముంబయి టాటా మెమోరియల్‌కు చికిత్సకు వెళ్లే మనవాళ్లు రైలు రాయితీ అడగాలి. స్లీపర్, థర్డ్ ఏసీల్లో రోగికి 100 శాతం, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గుతుంది. నిర్ణీత నమూనాలో ఆసుపత్రి ధ్రువపత్రం కావాలి.