ఊరేగింపు వాద్యముగా సాక్సఫోను

నిజాము రాజ్యమందలి తెలంగాణపు పల్లెలను విడిచి, మగ్గమునే జీవనాధారముగా నమ్ముకొని షోలాపూరు చేరిన పద్మశాలీలు, 1877లో ఆ నగరమున బట్టలమిల్లు నడవనారంభించిన పిమ్మట మరింత సంఖ్యలో వచ్చి స్థిరపడి, భవానీపేట వంటి వాడలను తెలుగు పలుకుతోను, చద్దర్ల నేతతోను నింపిరి. అట్టి వాడలలో ఉత్సవమన్నను, వివాహమన్నను ఊరేగింపు లేనిదే పరిపూర్ణము కాదు. శ్రావణ పౌర్ణమినాడు కులమూలపురుషుడగు మార్కండేయ మహర్షి రథము నగరవీధుల సాగును. పెండ్లిండ్లకు బరాత్ కదలును. జనఘోష నడుమ, నడచుచు వాయించుటకును, దూరమునకు వినబడుటకును తగిన వాద్యమెట్టిదై యుండవలెను? సరిగా ఈ ప్రశ్నకే సమాధానముగా యూరపుఖండమున ఒక వాద్యము బుద్ధిపూర్వకముగా నిర్మింపబడినది. అదియే సాక్సఫోను.

తక్కిన వాద్యములు పెక్కు శతాబ్దములలో అజ్ఞాతహస్తముల నడుమ పరిణమించినవి కాగా, దీనికి కర్తయు, కాలమును నిర్దిష్టముగా కలవు. బెల్జియమునందలి దినాన్ పట్టణమున 1814లో జన్మించిన అడాల్ఫ్ సాక్స్, వాద్యశిల్పియగు తండ్రి కార్యశాలలో పెరిగి, 1842లో పారిసు చేరెను. తంత్రీవాద్యముల నాదము ఆరుబయట ఆవిరియైపోవుటయు, ఇత్తడి బాకాలకు గాంభీర్యమే కాని స్వరలాఘవము చాలకపోవుటయు గమనించి, రెండింటి నడుమనున్న లోటును పూరింప సంకల్పించెను. 1845లో ఫ్రెంచి సైనిక వాద్యబృందములు సంస్కరింపబడినపుడు ఆయన వాద్యములకు వానిలో స్థానము లభించినది. మరుసటి సంవత్సరము జూన్ 28న సాక్సఫోనునకు పేటెంటు లభించెను. పోటీదారుల వ్యాజ్యములును, దివాలాలును ఆయనను జీవితమెల్ల వేధించినవి. 1894లో ఆయన దరిద్రుడుగనే మరణించెను.

దీని దేహము ఇత్తడిదైనను, నాదము పుట్టునది రెల్లుతో చెక్కిన రీడునందు. నాదస్వరపు జీవాళి జంటరేకులది, ఇది ఒంటిరేకుది. కావుననే పాశ్చాత్యులు దీనిని కొయ్యవాద్యముల తెగలో చేర్చిరి. పదార్థమును గాక నాదోత్పత్తి విధానమునే ప్రమాణముగా గైకొని, తత, అవనద్ధ, ఘన, సుషిరములని విభజించిన మన ప్రాచీనుల దృష్టిలో ఇది నిస్సంశయముగా సుషిరవాద్యమే. క్లారినెట్టు గొట్టము ఆద్యంతము సమానమైనది. సాక్సఫోను గొట్టము మొదలు సన్నమై క్రమముగా విస్తరించును. ఇందుచేత గట్టిగా ఊదినప్పుడు స్వరము సరిగా ఒక స్థాయి పైకేగి, రెండు స్థాయిలకును దాదాపు ఒకే వ్రేళ్లకదలిక చాలును.

సాక్స్ రెండు శ్రేణులను, ఒక్కొక్క శ్రేణిలో ఏడేసి వాద్యములను సంకల్పించెను. సైన్యమునకు ఉద్దేశించిన శ్రేణియే నిలిచినది: సొప్రానినో, సొప్రానో, ఆల్టో, టెనర్, బారిటోన్, బాస్, కాంట్రాబాస్. వీనిలో సొప్రానో సాధారణముగా నిటారు గొట్టముగా నుండును. ఆల్టో, టెనర్‌లకు వంగిన మెడయు, పైకి తిరిగిన నోరును కలవు. ఏ పరిమాణమైనను వ్రేళ్ల అమరిక ఒక్కటే గనుక, ఒకటి నేర్చినవాడు మరియొకటి అచిరకాలమున పట్టగలడు. బ్యాండు నడుపువారికి ఇది గొప్ప వరము.

మన దేశమున బ్రిటిషు పటాలముల బ్యాండుల నుండి సంస్థానములకును, అటనుండి పెండ్లి బ్యాండులకును ఈ బ్యాండువాద్య సంప్రదాయము దిగివచ్చినది. మీరట్ నగరము బ్యాండు వాద్యముల తయారీకి కేంద్రమైనది. మైసూరు రాజాస్థానపు బ్యాండులో సాక్సఫోను విని ముగ్ధుడైన కద్రి గోపాల్‌నాథ్ (1949–2019), నాదస్వర విద్వాంసుని కుమారుడు. మీటలచే తునకలుగా వెలువడు స్వరములను పెదవుల ఒత్తిడితోను, శ్వాసనియమముతోను కలిపి, గమకములను సాధించి, దానిని కర్ణాటక సంగీత సభలకెక్కించెను. 1994లో లండను రాయల్ ఆల్బర్ట్ హాలునందలి బి.బి.సి. ప్రామ్స్ సభలో వాయించెను. 2004లో పద్మశ్రీ పొందెను.

దేవుని ఊరేగింపు ముందు నడచు నాదస్వరమును, సైన్యము ముందు నడచుటకు పుట్టిన సాక్సఫోనును ఒక్క విద్వాంసునియందు కలియుట యాదృచ్ఛికము కాదు. రెండును ఆరుబయటి వాద్యములే. కావున వాడవాడల పెండ్లి బ్యాండులలో ఎండకును వానకును ఓర్చి వాయించు కళాకారులు ఈ వాద్యచరిత్రకు అంచున నిలువదగిన వారు కారు. సాక్స్ సంకల్పమును యథాతథముగా కొనసాగించుచున్న వారసులు వారే. సభావేదికపై విద్వాంసునకు మనమిచ్చు గౌరవము వీధిలోని ఆ వాద్యకారునకును న్యాయముగా చెందవలెను.