మూడు సైలెన్సర్లూ కుడివైపే

మా నాన్న తెనాలిలో ముప్ఫై ఏళ్లు ఆయిల్ ఇంజన్లు బాగుచేశాడు. చేలకు నీళ్లు తోడేవి, రైసు మిల్లుల్లో తిరిగేవి. ఏ ఇంజను గురించైనా ఆయన అడిగేది రెండే ప్రశ్నలు: పుల్లింగ్ ఎలా ఉంది? ఆయిల్ కారుతోందా? పోయినేడు ఇంగ్లండులో మా ఊరు నన్నీటన్ వచ్చినప్పుడు, పక్కనే ఉన్న హింక్లీకి, ట్రయంఫ్ మోటారు సైకిళ్ల ఫ్యాక్టరీ దగ్గరి ప్రదర్శనకు తీసుకెళ్లాను. టికెట్టు లేదంటేనే బయల్దేరాడు.

రాకెట్ 3 ముందు ఆగిపోయాడు.

"ఏరా, ఇంజనెంత?"

"2,458 సీసీ నాన్నా. మూడు సిలిండర్లు."

కాసేపు పెదాలు కదిపాడు. ఒక్కో సిలిండరు 819 సీసీ. మేం పదిహేనేళ్లు ఎక్కి తిరిగిన మారుతి 800కి ఇంజను మొత్తం కలిపి 796. "అయితే మన కారు దీని ఒక్క సిలిండరుకి కూడా చాలదన్నమాట" అని బండి చుట్టూ ఓ ప్రదక్షిణం చేశాడు.

ఈ బండిలోనే 2019లో టీఎఫ్‌సీ అని ఒక ప్రత్యేక రకం తెచ్చారని చెప్పాను. ట్రయంఫ్ ఫ్యాక్టరీ కస్టమ్ అన్నమాట. కార్బన్ ఫైబర్ తొడుగులు, 182 హార్స్‌పవర్. ఆ వరసలో 750 బండ్లే, ప్రతిదాని మీదా నంబరు చెక్కి ఇచ్చారు.

"ఏడొందల యాభైకే ఎందుకాపారు? సామాను అయిపోయిందా?"

నవ్వాను గానీ, ఆ ప్రశ్నకు ఈ కంపెనీ చరిత్రలోనే జవాబుంది. ఒకప్పుడు నిజంగానే సామాను అయిపోయింది.

మూడు సిలిండర్ల ఆలోచన బెర్ట్ హాప్‌వుడ్, డగ్ హీల్ అనే ఇద్దరు ఇంజనీర్లది. అప్పటి పెద్ద బ్రిటిష్ బండ్లు చాలావరకు రెండు సిలిండర్లవి. సైజు పెంచిన కొద్దీ వణుకుడు పెరిగేది. 500 సీసీ ఇంజనుకు ఇంకో సిలిండరు చేరిస్తే 750 అవుతుంది, వణుకూ తగ్గుతుంది. క్రాంక్‌షాఫ్టు మూడు పిన్నులూ 120 డిగ్రీల ఎడంలో ఉండాలి. దాన్ని ముందు బల్లపరుపుగా ఫోర్జింగ్ చేసి, మళ్లీ ఎర్రగా కాల్చి మెలిపెట్టేవాళ్లు. ఈ ముక్క చెప్పగానే నాన్న కళ్లు వెలిగాయి. ఆయన కొలిమి దగ్గర పనిచేసిన మనిషి మరి.

నమూనా బండి 1965కే తిరిగింది. యాజమాన్యం మాత్రం తాపీగా 1968లో అమ్మకానికి పెట్టింది. ఒకే ఇంజనుతో రెండు పేర్లు: ట్రయంఫ్ ట్రైడెంట్, బీఎస్‌ఏ రాకెట్ 3. రెండూ అప్పటికి ఒకే గొడుగు కిందున్న కంపెనీలు. తేడా అల్లా బీఎస్‌ఏ సిలిండర్లు కొంచెం ముందుకు వాలి ఉండేవి. అదే ఏడు అక్టోబరులో టోక్యోలో హోండా సీబీ 750ని చూపించింది. నాలుగు సిలిండర్లు, ఐదు గేర్లు, బటను నొక్కితే స్టార్టు, ముందు డిస్కు బ్రేకు. బ్రిటిష్ బండికి కిక్కు, నాలుగు గేర్లు, డ్రమ్ము బ్రేకులు. ముహూర్తం దాటాక ఊరేగింపు వచ్చినట్టయింది.

పరుగులో మాత్రం తక్కువది కాదు. స్లిప్పరీ శామ్ అని పేరుబడ్డ ఒక ట్రైడెంట్, ఐల్ ఆఫ్ మ్యాన్ పందేల్లో 1971 నుంచి 1975 దాకా వరసగా ఐదేళ్లు గెలిచింది. జారుడు శామ్ అన్నమాట. 1970లో ఫ్రాన్సులో ఒక పందెంలో ఇంజను ఆయిల్ కక్కి బండినీ రౌతునూ తడిపేసింది కనక ఆ పేరు. నాన్న రెండో ప్రశ్నకు అదే జవాబు.

అమెరికా కుర్రాళ్లకు నచ్చనిది ఇంజను కాదు, రూపం. రొట్టె డబ్బాలాంటి చదరపు ట్యాంకు, బొమ్మ తుపాకీలాంటి సైలెన్సర్లు. అక్కడ బీఎస్‌ఏ అమ్మకాలు చూస్తున్న డాన్ బ్రౌన్ 1969లో ఇంగ్లండుకు చెప్పకుండా, ఇలినాయ్ రాష్ట్రంలో రాన్‌టూల్ అనే చిన్న ఊళ్లో ఉన్న క్రెయిగ్ వెట్టర్ అనే యువకుణ్ణి పట్టుకున్నాడు. ఒక రాకెట్ 3 ఇచ్చి, మావాళ్లు కొనేలా చెయ్యి అన్నాడు. వెట్టర్ ట్యాంకూ సీటూ ఒకే ముక్కగా, నీళ్లు జారినట్టు కలిపేశాడు. ముందు ఫోర్కు పొడుగు చేశాడు. మూడు సైలెన్సర్లనూ కుడివైపుకే తెచ్చి, విసనకర్రలా పైకి విప్పాడు. నారింజ రంగు వేశాడు.

ఆ బండి ఫ్యాక్టరీలో తయారయ్యేసరికి 1972 వచ్చింది. అప్పటికి బీఎస్‌ఏ కొన ఊపిరితో ఉంది. ఆ పేరు తీసేసి ట్యాంకు మీద ట్రయంఫ్ అని రాశారు: ఎక్స్-75 హరికేన్. లోపలున్నది మాత్రం ముందుకు వాలిన బీఎస్‌ఏ ఇంజనే. దీనికోసం పక్కన పెట్టిన ఇంజన్లు సుమారు 1,200, అవి అయిపోయాయి. అమెరికాలో శబ్దం మీద నిబంధనలు కూడా బిగియడంతో 1973లో కథ ముగిసింది. ఆ ఏడే మెరిడెన్‌లోని ట్రయంఫ్ ఫ్యాక్టరీ మూసేస్తామంటే కార్మికులు గేట్లు పట్టుకుని కూర్చున్నారు. తర్వాత సహకార సంఘం పెట్టుకుని 1983 దాకా లాక్కొచ్చారు. ఇప్పుడక్కడ ఇళ్లు. ఒక వీధికి ట్రయంఫ్ బండి పేరే పెట్టారు: బానివిల్ క్లోజ్.

పేరును కొన్నది జాన్ బ్లూర్, ఇళ్లు కట్టించే వ్యాపారి. హింక్లీలో కొత్త ఫ్యాక్టరీ కట్టాడు. 1991లో అక్కణ్ణుంచి అమ్మకానికి వచ్చిన తొలి బండ్లలో మూడు సిలిండర్ల ట్రైడెంట్ ఉంది. 2004లో 2,294 సీసీతో రాకెట్ త్రీ వచ్చింది. చచ్చిపోయిన బీఎస్‌ఏ బండి పేరు ట్రయంఫ్ మీదికి ఎక్కింది.

మా ఆఫీసులో ఒకాయన దగ్గరున్న కొత్త రాకెట్‌ను ఒక్కసారి నడిపాను. రోమన్ల కాలంనాటి ఏ5 రోడ్డు ఇక్కడ గీత గీసినట్టుంటుంది. మూడో గేరులో నెమ్మదిగా పోతూ యాక్సిలరేటరు తిప్పాను. అరుపూ లేదు, గేరు మార్చే పనీ లేదు, చేతులు మాత్రం సాగిపోయాయి. నాలుగు వేల చుట్ల దగ్గరే 220 న్యూటన్ మీటర్లు దాటిన టార్కు. పెట్రోలు స్విఫ్టు కారుకు ఉండేదానికి ఇంచుమించు రెట్టింపు. ఈ బండంటే జనం పిచ్చెక్కిపోయేది వేగం కోసం కాదు, ఈ లాగుడు కోసమే. నాన్నకు ఒక్క మాటలో చెప్పాను: "పంపుసెట్టు పుల్లింగ్ నాన్నా, ఊపిరి తీసుకోకుండా లాగుతుంది."

ఆయన తల ఊపాడు. "మరి నంబరు చెక్కిన దానికి పుల్లింగ్ ఎక్కువా?"

ఎక్కువే, కాస్త. ఆ కాస్తకీ, ఆ నంబరుకీ డబ్బు పెట్టేవాళ్లను నేను తప్పుపట్టను. కానీ 750 అనేది మొదటి బండి బిగించకముందే లెక్కవేసిన అంకె. హరికేన్ లెక్క ఎవరూ కోరుకున్నది కాదు. నాకు ఎంచుకొనే భాగ్యం ఉంటే ఆ నారింజ బండినే ఇంటికి తెచ్చుకుంటాను, కిక్కు కొట్టి మోకాలు నొప్పెట్టినా సరే.

మీకెప్పుడైనా ఏ మ్యూజియంలోనో హరికేన్ కనిపిస్తే కుడివైపు నిలబడి చూడండి. ఎడమవైపు ఒక్క సైలెన్సరూ ఉండదు.