పత్తి వెంట పోయిన కెమెరా

ఆదోని పత్తి యార్డుకు కెమెరాతో ఎవరొచ్చినా హమాలీలు అడిగేది ఒకటే: “ఏ చానలప్పా?” చానల్ కాదు, ఫలానా దేశంలో ఉన్న స్వచ్ఛంద సంస్థకు వీడియో తీస్తున్నామని చెబితే వాళ్ల ఆసక్తి అక్కడితో సరి. రాత్రికి టీవీలో కనపడనిదానికి మొహం కడుక్కోవడం ఎందుకు? తీసేవాడు ఎక్కణ్నుంచో వస్తాడు, తీసింది ఎక్కడికో పోతుంది. పడమటి కర్నూలుకు ఇది దాదాపు 150 ఏళ్లుగా అలవాటే.

1876-78 నాటి ధాత కరువు రోజుల్లో ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడుగానీ ఇటు రాలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ కరువు ఘోరంగా దెబ్బతీసిన జిల్లాల్లో బళ్లారి, కర్నూలు రెండూ ఉన్నాయి. విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి అప్పుడు ప్రెసిడెన్సీలో కరువు బాధితుల ఫొటోలు తీశాడు. ఎముకలు లెక్కపెట్టగలిగేలా చిక్కిపోయిన మనుషులను గుంపుగా కూర్చోబెట్టి, కదలకుండా ఉంచి తీసిన బొమ్మలవి. లండన్‌లో కరువు సాయం కోసం మేన్షన్ హౌస్ నిధికి చందాలు పోగవుతున్న కాలం అది. ఆ బొమ్మలు సముద్రం దాటి అక్కడికీ చేరాయి. తీసినవాడు ఆ మనుషులకు ఏం సాయం చేశాడని అడిగినవాళ్లు ఆనాడే ఉన్నారు. దూరదేశపు దాత మనసు కరగాలంటే ఆకలి కంటికి కనపడాలన్న లెక్క మాత్రం అప్పుడే స్థిరపడింది.

తర్వాతి వందేళ్లలో కెమెరా పెట్టెలు మారాయి, ఫిలిం మారింది. చెప్పుకోదగ్గ మలుపు 1975లో వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి మరుసటి ఏడాది జులై 31 దాకా, అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందించిన ‘సైట్’ ప్రయోగం జరిగింది. ఆరింటిలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ఉన్నాయి. మన పక్కనున్న రాయచూరు జిల్లా పల్లెలకూ ఆ టీవీ పెట్టెలు వచ్చాయి. సేద్యం, ఆరోగ్యం, చదువు: పట్నంలో తీసి పల్లెలో చూపించేవారు. ఆ ప్రయోగానికి పనిచేసిన నిర్మాతల్లో పి.వి. సతీశ్ ఒకరు. మైసూరులో పుట్టి, దూరదర్శన్‌లో చేరి, తెలుగు పల్లెలకు చేరువైన మనిషి.

తర్వాత ఆయన టీవీ వదిలేశారు. 1983లో మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని మొదలుపెట్టినవాళ్లలో ఆయన ముఖ్యులు. ఊరూరా మహిళా సంఘాలు లేచాయి. వాటిలో ఎక్కువమంది దళిత స్త్రీలు, తునకల చెక్కల్లో జొన్నా కొర్రా పండించుకునేవాళ్లు. 1990ల చివర్లో సొసైటీ ఆ స్త్రీల చేతికి వీడియో కెమెరా ఇచ్చింది. 1967లో కెనడాలోని ఫోగో దీవిలో జాలర్ల మాటలను తీసి, తిరిగి వాళ్లకే చూపించి చర్చ పెట్టినప్పటి నుంచి ఇలాంటి ఆలోచన లోకంలో ఉంది. అయితే ఫోగోలో కెమెరా పట్టింది బయటినుంచి వచ్చిన సినిమావాళ్లు. పస్తాపూర్‌లో పట్టింది కలుపు తీసే చేతులు.

వాళ్లు షాట్లకు పెట్టుకున్న పేర్ల దగ్గర కాసేపు ఆగాలి. పైనుంచి కిందికి చూసే షాట్‌ను సినిమావాళ్లు హై యాంగిల్ అంటారు. వీళ్లు దానికి పటేల్ షాట్ అని పేరు పెట్టారు. గడీ అరుగు మీద నిలబడి పటేలు కిందనున్న కూలీని చూసే చూపు అది. మా వైపు వాళ్లు పేరు పెట్టి ఉంటే మునసబు షాట్ అయ్యేదేమో. కిందినుంచి పైకి చూసేది బానిస షాట్. కంటికి కన్ను సమానంగా ఉండేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. ఫిలిం స్కూళ్లలో ఏళ్ల తరబడి బోధించే పాఠం ఈ మూడు పేర్లలో ఇమిడిపోయిందని నాకనిపిస్తుంది. 2001 నాటికి వాళ్లదే ఒక కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది.

ఇంతలో పత్తి వచ్చింది. 2002 మార్చిలో, పురుగును తట్టుకునేలా జన్యువులు మార్చిన మహికో-మోన్‌శాంటో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. పస్తాపూర్ స్త్రీలు కెమెరాతో వరంగల్ చేలల్లోకి పోయి, విత్తు నాటినప్పటి నుంచి పత్తి ఏరేదాకా రైతుల వెంట తిరిగారు. 2003లో ఒక సినిమా, మూడేళ్ల అనుభవాన్ని కలిపి 2005లో ఇంకొకటి వచ్చాయి. తర్వాత ఆ కెమెరా దేశం దాటింది. ఇండోనేషియా, దక్షిణాఫ్రికా, మాలి రైతుల మాటలతో 2007లో బీటీ పత్తి మీద పెద్ద చిత్రం తయారైంది. లండన్‌లోని ఐఐఈడీ అనే పర్యావరణ, అభివృద్ధి పరిశోధన సంస్థ లాంటివి ఈ పనిలో సొసైటీకి తోడుగా ఉండేవి. అభివృద్ధి సంస్థల కోసం పరదేశం పోయి వీడియో తీయడమంటే అంతవరకూ తెల్లవాళ్లు నల్లరేగడికి రావడమే. ఈసారి తెలుగు పల్లె స్త్రీలు బయల్దేరారు.

దక్షిణాఫ్రికాలో మఖతిని మైదానం బీటీ పత్తికి ప్రపంచమంతా చూపించిన ఆదర్శం. ఆ కథ ఆదోని మండీ తెలిసినవాడికి వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ అప్పిచ్చేదీ, పత్తి కొనేదీ ఒకే కంపెనీ. పక్కనే ఇంకో కొనుగోలుదారు దుకాణం తెరవగానే రైతులు పత్తిని అటు తోలారు, పాత అప్పు నిలిచిపోయింది, అప్పు పుట్టే దారి మూసుకుపోయింది, సాగు కూలింది. పురుగు చావడం ఒక లెక్క, బాకీ తీరడం ఇంకో లెక్క. మన కమీషన్ ఏజెంటు దగ్గర ముందే డబ్బు తీసుకుని, ఆ కాటా మీదే పత్తి వేయాల్సి వచ్చే రైతుకు ఈ రెండో లెక్క బాగా తెలుసు. దాన్ని అడగాలని పస్తాపూర్ స్త్రీలకు తోచడానికి వ్యవసాయ శాస్త్రం అక్కర్లేదు, ఒక పంట అప్పుతో పండించి ఉంటే చాలు. ఇండోనేషియా సులవేసిలో ఆ పత్తి రెండు మూడేళ్లలోనే వెనక్కి పోయింది. అక్కడి అధికారికి లంచమిచ్చిన కేసులో 2005లో మోన్‌శాంటో అమెరికాలో 15 లక్షల డాలర్లు కట్టుకుంది.

ఈ చిత్రాలు నిష్పక్షపాతమని నేననను. తీసినవాళ్లే ఒక పక్షం, దాన్ని దాచుకోలేదు కూడా. వాటితో బీటీ ఆగనూ లేదు. ఈనాడు ఆదోని యార్డులో రాసులు పోసే పత్తిలో బీటీ కానిదాన్ని వెతుక్కోవాలి.

అదే కాలంలో ఎదురు దారిలో కూడా రాకపోకలు సాగాయి. హైబ్రిడ్ పత్తి విత్తనం పండించడంలో ఉమ్మడి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలు పెద్ద కేంద్రాలు. విత్తనం కోసం సాయంత్రం పూట మొగ్గలోంచి పుప్పొడి భాగాన్ని గిల్లి తీసేయాలి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి దానికి రాయాలి. క్రాసింగ్ పని అంటారు. చెట్టు ఎత్తు తక్కువ, వేళ్లు చిన్నవి కావాలి, కూలి తక్కువ పడాలి. అలా ఆడపిల్లలు బడి మాని చేలకు పోయారు. దీని మీద దావులూరి వెంకటేశ్వర్లు చేసిన పరిశోధనను 2003లో నెదర్లాండ్స్ సంస్థ ఒకటి బయటపెట్టాక ఐరోపాలో గగ్గోలు పుట్టింది. మళ్లీ మన పిల్లల మొహాలు దూరదేశపు తెరల మీదికెక్కాయి. ఈసారి కొన్ని కంపెనీలు ఉలిక్కిపడ్డాయి, అది మేలే.

ఎమ్మిగనూరుకు వచ్చే బృందాలు వేరే పని మీద వస్తాయి. 1938లో మాచాని సోమప్ప నిలబెట్టిన నేతగాళ్ల సహకార సంఘం ఊరది. నేనొకసారి అలాంటి బృందానికి దుబాసీగా పోయాను. గుంట మగ్గంలో నేతగాడు నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి కూర్చుంటాడు. అతని నడుము మన నేలతో సమానం. నిలబడ్డ మనిషి ఎత్తున స్టాండు బిగించారు. గంటసేపు తీశారు, దీపాలు మార్చారు, మళ్లీ తీశారు. బొమ్మ ఎందుకో కుదరడం లేదని వాళ్లలో వాళ్లు గొణుక్కున్నారు. పెద్దాయన నాడె ఆపి నావైపు తిరిగాడు.

“కూకోని తీయమను సార్ ఆయప్పను. పైన్నుంచి తీస్తే నా బట్టతల తప్ప ఏం పడతాది?”

నేను దాన్ని ఇంగ్లీషులోకి చెప్పాను. కెమెరామన్ స్టాండు ముడిచి, దారపు దుమ్ములో బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు.