రజాకార్ల ఉదంతము: మరుగుపడిన ఉత్తరార్ధము

హైదరాబాదు సంస్థానపు తుదిదినములను గూర్చి తెలుగున గ్రంథములు పెక్కు వెలువడినవి. రజాకార్ల దౌష్ట్యము వానిలో విపులముగా వర్ణితమైనది. ఐనను ఆ కథ 1948 సెప్టెంబరు 17వ తేదీతో ముగిసినట్లు భావించుట పరిపాటియైనది. ఇది చరిత్రను సగము చదువుటయే యని నా అభిప్రాయము.

ముందుగా పూర్వార్ధమును పరిశీలింతము. 1927లో స్థాపితమైన మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ సంస్థకు 1946లో ఖాసిం రజ్వీ అధ్యక్షుడయ్యెను. 'రజాకార్' అనగా స్వచ్ఛంద సేవకుడని అర్థము. 1947 చివర ప్రధానమంత్రియైన మీర్ లాయక్ అలీ ఇత్తెహాదు ప్రాపు గలవాడు. అందుచే చట్టమునకు జవాబుదారి కాని ఈ దళమునకు ప్రభుత్వపు అండ లభించినది. 1948 ఆగస్టు 27న బైరానుపల్లిలో బురుజెక్కి ఊరు కాచుకొనుచున్న ప్రజలపై రజాకార్లును, నిజాము సాయుధ బలగములును కలిసియే దాడి సల్పిరి.

దీనిని కేవలము మతకలహ మనుట పొసగదు. రైతుల తిరుగుబాటునకు జంకిన హిందూ దేశముఖులు పలువురు రజాకార్ల సాయము పొందిరి. భారత యూనియనులో విలీనమును సమర్థించిన 'ఇమ్రోజ్' పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ అదే ఆగస్టులో హత్యకు గురియయ్యెను.

ఇక ఉత్తరార్ధము. సెప్టెంబరు 13న మొదలై అయిదు దినములలో ముగిసిన పోలీసు చర్య వెంట ముస్లిములపై ప్రతీకారము చెలరేగినది. నెహ్రూ ప్రభుత్వము పండిత సుందరలాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను విచారణకు పంపెను. తక్కువగా లెక్కించినను 27,000 నుండి 40,000 వరకు జనులు హతులైరని వారు అంచనా వేసిరి. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు సైతము దోపిడిలో, హింసలో పాల్గొనిరని తెలిపిరి. సర్దార్ పటేలు ఆ నివేదికను త్రోసిపుచ్చెను. ప్రభుత్వము ప్రకటింపని ఆ పత్రము చిరకాలము పాఠకులకు సులభముగా అందుబాటులోనికి రాలేదు.

అంతవరకు తెలుగు రచనలలో ఈ ఘట్టము ఏల పలుచబడినది? ప్రభుత్వ మౌన మొక కారణము. వేరొకటియు కలదు. మిక్కిలిగా నష్టపడిన ఉస్మానాబాదు, నాందేడు, గుల్బర్గా, బీదరు జిల్లాలు మరాఠీ, కన్నడ ప్రాంతములు. 1956లో మొదటి రెండును బొంబాయి రాష్ట్రమునకు, తక్కినవి మైసూరు రాష్ట్రమునకు చేరినవి. భాషను బట్టి రాష్ట్రములను విభజించినట్లే స్మృతిని సైతము విభజించుకొంటిమి. బైరానుపల్లి మనకు దక్కినది, ఉస్మానాబాదు పరాయిదైనది. నెల్లూరి కేశవస్వామి 'చార్మినార్' కథలవంటివి అరుదు.

ఒక దౌష్ట్యము వేరొక దౌష్ట్యమును మాపజాలదు. రజాకార్లకు తోడుపడిన ప్రభుత్వమును నిందించు కలము ఆ పిమ్మటి ప్రభుత్వపు మౌనమును మన్నించినచో, అది చరిత్ర కాక పక్షవాదన యగును. సెప్టెంబరు 17ను విమోచన మనవలెనా, విలీన మనవలెనా యను నేటి వివాదము ఈ సగపు చదువు ఫలితమే.

ముస్లిము సాలెవారిని కాపాడుటకు హిందూ సాలెవారు ప్రాణములొడ్డిరని సుందరలాల్ నివేదికయే చెప్పుచున్నది. అట్టి వృత్తాంతములను తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ భాషలలో వెదకి సమన్వయించుట పరిశోధక విద్యార్థులు చేపట్టదగిన కార్యము. నాటిని కన్నులార చూచినవారు నేడు మిక్కిలి కొద్దిమంది. కాలహరణమునకు తావు లేదు.